అడిగితే డాక్టరుకు కోపం, అడగకపోతే గుర్రానికి కష్టం

కావలికి తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి నుంచి ఒక అమ్మాయి రాసిన పొడవాటి ఉత్తరం ఇది. వాళ్ల తాత జట్కా తోలేవాడు. జట్కాలు పోయాక నాయన గుర్రాలను పెళ్లి ఊరేగింపులకు పంపడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇంట్లో రెండు గుర్రాలున్నాయి. పక్షవాతం వచ్చి నాయనకు కుడిచెయ్యి ఆడటం లేదు, అన్న హైదరాబాదులో ఉద్యోగం. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న ఈ అమ్మాయే గుర్రాలను చూసుకుంటోంది.

పోయిన వైశాఖంలో ఒక ఊరేగింపు నుంచి వచ్చాక తెల్ల ఆడగుర్రం మేత ముట్టలేదు. కాలితో నేల తవ్వుతూ, పొట్ట వైపు తిరిగి చూసుకుంటూ, కాసేపటికి పడి దొర్లడం మొదలుపెట్టింది. రాత్రి పదకొండు దాటాక, ఎప్పుడూ వచ్చే డాక్టరు గారు వచ్చి మెడ కండకు ఇంజెక్షన్ చేసి, పొద్దుటికి సర్దుకుంటుందని చెప్పి వెళ్లారు. ముక్కులోంచి ట్యూబు వేస్తారని ఎక్కడో చదివిన ఈ అమ్మాయి ఆ మాట అడగబోతే నాయన కసిరారు: "ఆయనకే వైద్యం నేర్పుతావా?" తెల్లవారుజామున మూడింటికి నొప్పి మళ్లీ వచ్చింది. డాక్టరు గారిని మళ్లీ లేపలేక కాంపౌండర్‌ను పిలిస్తే, ఆయన అదే మందు మరోసారి వేశాడు. నొప్పి తగ్గింది. కానీ రెండు రోజులకు మెడ వాచి నిప్పులా కాలిపోయింది. డాక్టరు గారు ఫోన్లోనే కాపడం పెట్టమన్నారు. భయపడి చెన్నైలో ఒక గుర్రాల డాక్టరుకు వీడియో కాల్ చేస్తే, వెంటనే కోసి లోపలిది బయటకు పోనివ్వాలని చెప్పారు. ఆ సంగతి తెలిసి ఊరి డాక్టరు గారు "అయితే ఆయన్నే పిలిపించుకోండి" అన్నారు. చివరికి ఆయనే వచ్చి కోశారు. పుండు మానడానికి వారాలు పట్టింది. గుర్రం బతికింది.

ఆ తర్వాత రెండుసార్లు చిన్నగా కడుపునొప్పి వచ్చి పోయింది. మళ్లీ ముహూర్తాలు వస్తున్నాయి. ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. ఆ రాత్రి నేను గట్టిగా అడిగి ఉంటే ఇదంతా తప్పేదా? డాక్టరు మీద ఫిర్యాదు చేయాలా? చేయకపోతే ఆయనతోనే వైద్యం చేయించుకుంటూ, ఆయనకు కోపం రాకుండా అడగడం ఎలా?

మొదటి ప్రశ్నతోనే మీరు ఎక్కువ నలుగుతున్నారు కాబట్టి దానికే ముందు జవాబు చెబుతాను. తప్పేదో లేదో మీ ఉత్తరం చదివి నేను చెప్పలేను. దగ్గరుండి చూసినవాళ్లు కూడా ఖాయంగా చెప్పలేకపోవచ్చు. గుర్రానికి కడుపునొప్పి వస్తే ఎక్కువగా వాడేది ఫ్లునిక్సిన్ అనే ఇంజెక్షన్. మంచి మందు, నొప్పినీ వాపునీ తగ్గిస్తుంది. అయితే దాన్ని కండకు చేస్తే అరుదుగా కొన్ని గుర్రాల్లో ఆ చోట క్లోస్ట్రీడియం జాతి బ్యాక్టీరియా పెరిగి కండ కుళ్లిపోతుంది. మెడ వాచి, వేడెక్కి, నొక్కితే లోపల గాలి బుడగలు కదిలినట్టు తెలుస్తుంది. ప్రాణం మీదికి వచ్చే జబ్బు అది. అందుకే గుర్రాలను ఎక్కువగా చూసే డాక్టర్లు ఆ మందును నరానికే ఇస్తారు. మీ గుర్రానికి వేసింది అదేనా? ఉత్తరంలో మందు పేరు లేదు, బహుశా మీకూ తెలియదు. ఈ వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించింది అదే.

డాక్టరు వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. నడిరాత్రి, ఫోన్ టార్చి వెలుతురు, దొర్లుతున్న పెద్ద జంతువు, పట్టుకోవడానికి మీరొక్కరు. మెడలో నరం పక్కనే ధమని ఉంటుంది. సూది పొరపాటున ధమనిలోకి పోతే గుర్రం అక్కడికక్కడే కుప్పకూలుతుంది. కండకు ఇవ్వడమే క్షేమమని ఆయన అనుకుని ఉండొచ్చు. ఆ సీసా మీద కండకు కూడా ఇవ్వొచ్చని రాసి ఉండొచ్చు. పైగా మన వైపు పశువైద్యుడి రోజంతా గేదెలు, గొర్రెలు, ఒంగోలు ఎద్దులతోనే గడుస్తుంది. గుర్రం ఎప్పుడో ఒకసారి వస్తుంది. గుర్రం ఒళ్లు పశువు ఒళ్లు లాంటిది కాదు. మత్తుకు వాడే జైలజిన్ మోతాదే చూడండి, పశువులకు ఇచ్చేదానికీ గుర్రానికి ఇచ్చేదానికీ దాదాపు పది రెట్ల తేడా. ఇవన్నీ ఆయనకు సాకులుగా చెప్పడం లేదు. ఆయన చెడ్డ డాక్టరని గానీ మంచి డాక్టరని గానీ ఈ ఒక్క రాత్రిని బట్టి తేల్చలేమని చెబుతున్నాను.

నన్నడిగితే ఆ రాత్రి అసలు లోటు మొదటి ఇంజెక్షన్ దగ్గర లేదు. నొప్పి తిరిగి వస్తే ఏం చేయాలో ఎవరూ మాట్లాడుకోకపోవడంలో ఉంది. నొప్పి మందు పేగులోని అడ్డును తీయదు, మెలిక విప్పదు. కొన్ని గంటలు నొప్పి తెలియకుండా చేస్తుంది, అంతే. ఆ గంటలు గడవకముందే నొప్పి తిరిగి వచ్చిందంటే లోపల పెద్ద తంటా ఉందేమోనని డాక్టరు వచ్చి మళ్లీ చూడాలి. మూడింటికి మీ గుర్రం చెప్పింది అదే. కాంపౌండర్ రెండో డోసు వేసి దాని నోరు మూయించాడు. మీ గుర్రం అదృష్టం, లోపల ఉన్నది పెద్దది కాలేదు. పేగు మెలిక పడి ఉంటే రెండో డోసు వల్ల పొద్దున్నదాకా అందరూ హాయిగా నిద్రపోయేవాళ్లు, అది చచ్చిపోయేది. ఈ జాతి మందులు డోసు మీద డోసు పడితే కడుపులో పుళ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒంట్లో నీళ్లు తగ్గిన గుర్రానికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ట్యూబు గురించి మీరు అడగాలనుకున్నది సరైన మాటే. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపులో గాలి గానీ నీరు గానీ నిండిపోతే పైకి వచ్చే దారి లేదు, కడుపు పగిలిపోయే ప్రమాదం ఉంది. అందుకే కోలిక్, అంటే ఈ కడుపునొప్పి, వచ్చిన గుర్రానికి ముక్కులోంచి ట్యూబు వేసి చూడటం పద్ధతి. అయితే ప్రతిసారీ వేస్తారని కాదు. ఆయన గుండె వేగం చూసి, పేగుల చప్పుడు విని, అవసరం లేదనుకుని ఉండొచ్చు. లేదా స్కూటరు మీద వచ్చిన మనిషి దగ్గర గుర్రం ట్యూబు లేకపోయి ఉండొచ్చు. మీరు అడిగి ఉంటే ఈ రెండింట్లో ఏదో మీకు తెలిసేది. రెండోదే అయితే ట్యూబు ఉన్న చోటికి తీసుకెళ్లాలా అన్న మాట వచ్చేది.

ఇక ఎలా అడగాలన్న సంగతి. దాన్ని "ఎలా చెప్పాలి" దగ్గర మొదలుపెడితే సులువవుతుంది. డాక్టరు గుర్రాన్ని చూసేది పావుగంట. మీరు చూసేది రోజంతా. ఆయనకు లేనిది మీ దగ్గర ఒకటుంది, ఈ గుర్రం మామూలుగా ఎలా ఉంటుందో మీకు తెలుసు. దాన్ని అంకెల్లో చెప్పడం నేర్చుకోండి. గుర్రం బాగున్నప్పుడే, నీడలో స్థిమితంగా నిలబడి ఉన్నప్పుడు, దవడ ఎముక కింద వేలు పెట్టి నాడి పట్టుకోండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఎదిగిన గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉంటుంది. ఊపిరి 8 నుంచి 16. ఒంటి వేడి ఆసనంలో థర్మామీటరు పెట్టి చూస్తే 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్, మన ఎండల్లో మధ్యాహ్నం కాస్త పైకి పోవచ్చు. పై పెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు రావాలి. పొట్టకు రెండు వైపులా చెవి ఆనించి వినండి, ఆరోగ్యంగా ఉన్న గుర్రం పేగులు గుడగుడమంటూనే ఉంటాయి. ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. లాడాలు కొట్టించిన రోజు, పురుగు మందు వేసిన రోజు, ఏ ఇంజెక్షన్ ఎక్కడ చేశారు, మేత ఎప్పుడు మార్చారు, అన్నీ అందులోనే.

ఇప్పుడు ఫోన్ చేసినప్పుడు "సార్, గుర్రం పడిపోయింది, త్వరగా రండి" అనడానికీ, "సార్, ఏడింటి నుంచి మేత ముట్టలేదు, నాడి 64 ఉంది, చిగుళ్లు పాలిపోయాయి, మధ్యాహ్నం నుంచి లద్దె వేయలేదు" అనడానికీ తేడా చూడండి. రెండో మాట విన్న డాక్టరు బయల్దేరేముందే ట్యూబు ఉందో లేదో చూసుకుంటాడు. నొప్పితో ఉన్న గుర్రం నాడి 60 దాటి, తగ్గకుండా ఉంటే ఆలస్యం చేయకూడదని ఆయనకు మీరు చెప్పక్కర్లేదు, అంకె చెబితే చాలు. మీ వైద్యం తప్పు అని మీరు అనలేదు. ఆయనకు పని సులువు చేశారు.

ఆయన వచ్చాక అడగాల్సినవి కొన్నే. ఏమనుకుంటున్నారు సార్, గాలా, మలబద్ధకమా, ఇంకేదైనానా? ఈ మందు పేరేంటి, ఎన్ని గంటలు పనిచేస్తుంది? అంతకు ముందే నొప్పి తిరిగి వస్తే మీకు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చా, లేక ఎవరికి చేయాలి? ఎంతవరకు ఇక్కడ చూసుకోవచ్చు, ఎప్పుడు పెద్ద ఆసుపత్రికి ఎక్కించాలి? కండకు చేస్తున్నప్పుడు, "సార్, పోయినసారి మెడ అంత పని అయింది కదా, ఈసారి నరానికి వీలవుతుందా, నేను తల గట్టిగా పట్టుకుంటా" అనండి. గొంతులో నిష్ఠూరం లేకపోతే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అడగడానికి వేళ కూడా చూసుకోవాలి. సూది చేతిలో ఉండగా, గుర్రం కాళ్లు విసురుతుండగా అడిగితే ఎవరికైనా విసుగు వస్తుంది. మందు వేశాక చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోస్తూ అడగండి. మందు పేరు, డోసు చీటీ మీద రాయించుకోండి. రాయడానికి ఓపిక లేదంటే సీసాకు ఫోటో తీసుకోండి.

అడిగే హక్కుతో పాటు మీ వైపు పని కూడా ఉంది. గుర్రం కట్టేచోట ఒక మంచి లైటు, కింద గట్టి నేల, పట్టుకోవడానికి భయపడని ఇంకో మనిషి. పక్కింటి కుర్రాడికైనా నేర్పండి. మామూలు రోజుల్లో మెడ నిమురుతూ, నరం మీద వేలితో నొక్కుతూ, ముక్కు తాకుతూ అలవాటు చేస్తే, అవసరమైన రోజున డాక్టరు నరానికి ఇవ్వడానికి వెనకాడడు.

మీ నాయన గురించి. ఆయన డాక్టరు మీద గౌరవంతో మిమ్మల్ని కసిరారని మీరు రాశారు. నాకు అందులో భయమే ఎక్కువ కనబడింది. ఆ ఒక్కడూ రానంటే ఇంకెవరున్నారన్న భయం. అది న్యాయమైన భయమే, మీ మండలంలో గుర్రం దగ్గరికి వచ్చే డాక్టర్లు ఎంతమంది? కాబట్టి "మీకు తెలియదు నాయనా" అని వాదించడం కంటే, ఆ ఒక్కడి మీదే ఆధారపడే స్థితి తగ్గిస్తే ఆయన మెత్తబడతారు. 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గుర్రాలను చూస్తుందా, రాత్రి వేళ వస్తుందా అని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. తిరుపతి పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, నెల్లూరు దాటాక దాదాపు 130 కిలోమీటర్లు. చెన్నైలో 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల ఉంది. రెండింటికీ పగటిపూట ఫోన్ చేసి, కోలిక్ వచ్చిన గుర్రాన్ని ఏ వేళల్లో తీసుకుంటారు, ఆపరేషన్ సౌకర్యం ఉందా, సుమారు ఎంతవుతుంది అని కనుక్కోండి. గుర్రాన్ని ఎక్కించగల బండి ఎవరిదో, అర్ధరాత్రి వస్తాడో రాడో కూడా. ఈ నాలుగు ఫోన్ కాల్స్ చేసి కాగితం మీద రాసి నాయనకు చూపించండి.

ఆ కాగితం ముందు పెట్టుకుని ఇంకో మాట కూడా తేల్చుకోవాలి, కష్టమైనదే. పేగు మెలిక పడితే ఆపరేషన్ తప్ప దారి లేదు. ఆపరేషన్ చేసినా బతుకుతుందన్న హామీ లేదు. అంత ఖర్చు మీ ఇల్లు భరించగలదా? భరించలేకపోతే, బాధ తెలియకుండా ప్రాణం తీయమని అడగడానికి మీరిద్దరూ సిద్ధమేనా? డబ్బు లేదని ఒప్పుకోవడం గుర్రానికి ద్రోహం చేయడం కాదు. ఏమీ తేల్చుకోక, రాత్రంతా దాన్ని దొర్లనిచ్చి పొద్దున్న ఏడవడం అంతకంటే ఘోరం. అన్నకు కూడా ఫోన్ చేసి ముందే చెప్పి ఉంచండి. డబ్బు అడగాల్సి వచ్చేది ఆయన్నే.

చెన్నై డాక్టరు సంగతి. రెండో అభిప్రాయం అడగడం మీ హక్కు, ఆయన చెప్పిన మాట గుర్రాన్ని నిలబెట్టింది కూడా. కానీ ఆ మాట మీ డాక్టరుకు చేరిన తీరు బాగాలేదు. ఇంకొకరి నోట విన్నారు, ఆయనకు అవమానంగా తోచింది. ఈసారి అవసరమైతే ముందు ఈయనకే చెప్పండి: "సార్, ఫలానా ఆయన్ను కూడా అడుగుదామనుకుంటున్నా, మీరే ఫోన్లో ఆయనతో మాట్లాడతారా?" డాక్టరూ డాక్టరూ మాట్లాడుకుంటే మధ్యలో మీరు మాటలు మోసి నిందపడే పని ఉండదు. ఒప్పుకోకపోతే అప్పుడు మీరే మాట్లాడండి, దాచకుండా.

ఫిర్యాదుకు దారులున్నాయి. ప్రభుత్వ డాక్టరైతే జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారికి రాయొచ్చు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం కింద రిజిస్టరైన ఏ డాక్టరు మీదైనా రాష్ట్ర పశువైద్య మండలికి రాయొచ్చు. కానీ మీ చేతిలో ఏముంది? మందు పేరు లేదు, చీటీ లేదు, ఆ చీము పరీక్షకు పంపలేదు. ఆయన కాపడం పెట్టమన్నారు, నిజమే. తర్వాత వచ్చి కోసిందీ ఆయనే. ఈ స్థితిలో ఫిర్యాదు నిలబడుతుందని నాకు నమ్మకం లేదు, ఆయన మాత్రం మీ గడప తొక్కడం మానేస్తాడు. ఇదే తీరు ఇంకో రెండు మూడు ఇళ్లలో జరిగిందని మీకు తెలిస్తే నా మాట మారుతుంది. అప్పుడు మీ నోటుబుక్కు పట్టుకుని వెళ్లండి. కాంపౌండర్ వ్యవహారం వేరు. డాక్టరు చెప్పకుండా సొంతంగా నొప్పి ఇంజెక్షన్ వేసే పని ఆయనది కాదు. అయితే పిలిచింది మీరే కాబట్టి ఆపాల్సింది కూడా ముందు మీరే.

ఆ తర్వాత వచ్చిన రెండు నొప్పుల మీద నా అనుమానం వైద్యం మీద కంటే మేత మీద. మీది ఇసుక నేల. ఉలవలు, గడ్డి నేల మీద పోస్తారని రాశారు. గింజలు ఏరుకుంటూ గుర్రం ఇసుక కూడా మింగుతుంది, అది పేగులో పేరుకుంటుంది. నేలకు అంటని లద్దె నాలుగైదు ఉండలు తీసి, ప్లాస్టిక్ కవరులో నీళ్లు పోసి కలిపి, కాసేపు వేలాడదీయండి. అడుగున ఇసుక దిగితే మీ డాక్టరుకు చూపించండి. దిగకపోతే ఇసుక లేదని తేలిపోయినట్టు కాదు, అదీ చెప్పండి. దీనికి ఇసబ్‌గోల్ వాడతారు, మోతాదు ఆయన్నే అడగండి. మేత తొట్టెలో వేయండి. ఊరేగింపు నుంచి వచ్చాక చల్లబడేదాకా నడిపించి, కొద్దికొద్దిగా నీళ్లు పట్టి, ఆ తర్వాతే దాణా. కోళ్ల దాణా గానీ పశువుల దాణా గానీ కలిపే అలవాటుంటే మానండి. వాటిలో కలిపే మోనెన్సిన్ లాంటి మందులు గుర్రం గుండెను దెబ్బతీస్తాయి. ఇసుక సంగతి తేలేదాకా, నాయన ఎంత చెప్పినా ఆడగుర్రాన్ని ఊరేగింపుకు పంపకండి. రెండోదాన్ని పంపండి, అడ్వాన్సు తీసుకున్నవాళ్లకు గుర్రం రంగు మారుతుందని ముందే చెప్పండి.

చివరగా, మెడ అంత పుండు పడింది, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో ఉత్తరంలో లేదు. గుర్రానికి ధనుర్వాతం చాలా తేలిగ్గా వస్తుంది, లాడం మేకు గుచ్చుకున్నా చాలు. రెండు గుర్రాలకూ టీకా కావాలని ఈ వారమే పగటిపూట ఆసుపత్రికి వెళ్లి ఆయన్ను అడగండి. రద్దీ తగ్గాక వెళ్లండి, నోటుబుక్కు తీసుకెళ్లండి. వీలైతే నాయన్నూ వెంట తీసుకెళ్లండి.